కణితి లోపలికే పాకిన క్యాన్సర్: రిపోర్టు చేతికొచ్చాక ఏం చూడాలి, ఏం అడగాలి

రొమ్ము క్యాన్సర్‌కు చికిత్స పూర్తయి కొన్నేళ్లయిన మనిషికి తలలో మెనింజియోమా ఉన్నట్టు తెలిసిందనుకోండి. అది మెదడును కప్పి ఉండే పొరల్లో పుట్టే కణితి. చాలావరకు క్యాన్సర్ కాదు, నెమ్మదిగా పెరుగుతుంది. ఏడాదికోసారి ఎంఆర్ఐ చూసుకుంటే చాలంటారు. అలా చూసుకుంటూ ఉండగా ఒకసారి అది ఉన్నట్టుండి పెరుగుతుంది. ఆపరేషన్ చేసి తీసి ల్యాబ్‌కు పంపితే రిపోర్టులో రెండు పేర్లు వస్తాయి: మెనింజియోమా, దాని లోపల రొమ్ము క్యాన్సర్. ఆ కాగితం చూసిన ఇంట్లోవాళ్లకు బుర్ర తిరిగిపోతుంది. ఇది కొత్త క్యాన్సరా? పాతదే తిరగబెట్టిందా? లేక ఆ మెనింజియోమానే క్యాన్సర్‌గా మారిపోయిందా?

పాత క్యాన్సర్ కణాలు రక్తంలో ప్రయాణించి, వెళ్లి వెళ్లి ఇంకో కణితిలో మకాం వేశాయి. జరిగింది అదీ. డాక్టర్లు దీన్ని ట్యూమర్ టు ట్యూమర్ మెటాస్టాసిస్ అంటారు. పాకి వచ్చిన క్యాన్సర్‌ను దాత అని, చోటిచ్చిన కణితిని గ్రహీత అని పిలుస్తారు. దవడ క్యాన్సర్ ఒకటి కిడ్నీ క్యాన్సర్ లోపలికి పాకిన సంగతిని బెరెంట్ 1902లో రాశారు. అప్పటినుంచి వైద్య పత్రికల్లో ఇలాంటివి ఒక్కొక్కటిగా నమోదవుతూనే ఉన్నాయి. అరుదైన విషయమే. కానీ అరుదు కాబట్టే ఎవరి దృష్టికీ రాకుండా జారిపోయే ప్రమాదం ఎక్కువ.

మీరు పేషెంటైనా, పక్కనుండి చూసుకునేవారైనా, ఈ వ్యాసంలో పట్టుకోవాల్సిన విషయం ఒకటుంది. చికిత్సను నడిపించేది దాత క్యాన్సర్. దాన్ని పట్టించేది స్కాన్ కాదు, మైక్రోస్కోప్ కింద ఉన్న స్లైడ్. కింద చెప్పినవన్నీ ఈ రెండింటి చుట్టూనే తిరుగుతాయి. మీ డాక్టర్ సలహాకు బదులుగా కాదు, ఆయన ముందు కూర్చున్నప్పుడు సరైన ప్రశ్నలు అడగడానికి వీటిని వాడుకోండి.

1. ముందు ఇది నిజంగా అదేనా అని తేల్చుకోండి

ఒకే మనిషిలో రెండు కణితులు కనిపించిన ప్రతిసారీ ఒకటి రెండోదానిలోకి పాకినట్టు కాదు. చాలామందిలో రెండూ వేర్వేరుగా, దేనికది పుట్టినవే ఉంటాయి. ఒకే అవయవంలో పుట్టిన రెండు కణితులు పెరిగి పెరిగి ఒకదానికొకటి ఆనుకుంటే దాన్ని కొలిజన్ ట్యూమర్ అంటారు. అక్కడ రెండింటి మధ్య సరిహద్దు ఉంటుంది, ఒకదాని కడుపులో ఇంకొకటి ఉండదు. మరికొన్నిసార్లు ఉన్న కణితే రూపు మార్చుకుంటుంది. నెమ్మదైన మెనింజియోమా గ్రేడ్ 3 స్థాయికి, అంటే బాగా ఉద్ధృతమైన రకంగా, ముదరవచ్చు. కిడ్నీ క్యాన్సర్‌లో ఒక భాగం సార్కోమాలా (కండరం, ఎముక లాంటి కణజాలంలో పుట్టే క్యాన్సర్‌లా) కనిపించవచ్చు. ఇవి కూడా మైక్రోస్కోప్ కింద రెండు రకాల కణాల్లాగే కనిపిస్తాయి, చికిత్స మాత్రం పూర్తిగా వేరు.

వీటిని విడదీయడానికి 1968లో క్యాంప్‌బెల్, ఆయన సహచరులు పెట్టిన షరతులనే ఇప్పటికీ చాలామంది పాటిస్తున్నారు. మనిషిలో ఒకటికి మించి ప్రాథమిక కణితులు, అంటే దేనికది విడిగా పుట్టినవి, ఉండాలి. గ్రహీత నిజమైన కణితి అయ్యుండాలి, వాపో నీటి బుడగో కాకూడదు. పాకి వచ్చిన కణాలు గ్రహీత లోపల పాతుకుని పెరుగుతూ ఉండాలి. పక్కనుంచి చొచ్చుకొస్తే లెక్కలోకి రాదు. రక్తనాళంలో నాలుగు కణాలు చిక్కుకుని ఉన్నా లెక్కలోకి రాదు. ఇక నాలుగోది: లింఫోమా (లింఫు కణాల్లో పుట్టే క్యాన్సర్) ఉన్న లింఫు గ్రంథిలోకి ఇంకో క్యాన్సర్ వస్తే దాన్ని ఈ కోవలో చేర్చరు. ఎందుకంటే లింఫు గ్రంథి అన్నది క్యాన్సర్లు ఎలాగూ పాకే చోటు. అక్కడ లింఫోమా ఉందా లేదా అన్నదానితో ఆ ప్రయాణానికి సంబంధం లేదు.

మూడో షరతు దగ్గరే ఎక్కువ తకరారు వస్తుంది. అందుకని రిపోర్టులో ఒక వాక్యం కోసం వెతకండి: పాకిన క్యాన్సర్ దీవుల చుట్టూ గ్రహీత కణితి కణజాలం ఉందని రాశారా? ఆ మాట లేకపోతే పాథాలజిస్ట్‌ను (స్లైడ్ చూసి రిపోర్టు రాసే డాక్టర్‌ను) అడిగి తెలుసుకోండి. అడగడంలో తప్పేమీ లేదు.

2. దాత ఎవరు, గ్రహీత ఎవరు అన్న పటం మనసులో పెట్టుకోండి

ఎక్కువగా కనిపించే దాతలు ఊపిరితిత్తుల క్యాన్సర్, రొమ్ము క్యాన్సర్. ప్రోస్టేట్, థైరాయిడ్, కిడ్నీ క్యాన్సర్లు కూడా ఈ పని చేస్తాయి. గ్రహీతల్లో రెండు పేర్లు ముందుంటాయి. క్యాన్సర్లలో చూస్తే కిడ్నీలో పుట్టే రీనల్ సెల్ కార్సినోమా, అందులోనూ క్లియర్ సెల్ రకం. క్యాన్సర్ కానివాటిలో చూస్తే మెనింజియోమా. థైరాయిడ్ అడినోమాలు (గ్రంథుల్లో పుట్టే, క్యాన్సర్ కాని కణితులు), పిట్యూటరీ అడినోమాలు, గర్భాశయంలోని ఫైబ్రాయిడ్లు, అడ్రినల్ కణితులు కూడా అక్కడక్కడా గ్రహీతలవుతాయి. కిడ్నీ క్యాన్సర్‌ది ప్రత్యేకమైన సంగతి. అది ఇతర క్యాన్సర్లకు చోటిస్తుంది, తాను వెళ్లి థైరాయిడ్ కణితుల్లో, ఇంకా ఇతర చోట్ల చేరుతుంది కూడా.

ఎందుకిలా? 1889లో స్టీఫెన్ పేజెట్ అనే ఇంగ్లిష్ సర్జన్ రొమ్ము క్యాన్సర్‌తో చనిపోయినవారి పోస్ట్‌మార్టం వివరాలు పరిశీలించి, క్యాన్సర్ కణం విత్తనం లాంటిదని, అది గాలికి ఎక్కడైనా పడొచ్చు గానీ అనువైన నేలలోనే మొలుస్తుందని అన్నారు. క్లియర్ సెల్ కిడ్నీ క్యాన్సర్ ఎంత అనువైన నేలో చూడండి. గుండె పంపే రక్తంలో దాదాపు ఐదో వంతు కిడ్నీలకే వెళ్తుంది. దానికి తోడు ఈ రకం క్యాన్సర్లో చాలాసార్లు వీహెచ్ఎల్ అనే జన్యువు పనిచేయదు. ఆ జన్యువు పని హెచ్ఐఎఫ్ అనే ప్రొటీన్‌ను అదుపులో ఉంచడం. అదుపు తప్పితే కణాలు ఆక్సిజన్ అందనట్టు ప్రవర్తించి, వీఈజీఎఫ్ అనే ప్రొటీన్‌ను విడుదల చేస్తూ కొత్త రక్తనాళాలను పుట్టిస్తాయి. అందుకే ఆ కణితి సన్నని నాళాలు అల్లుకుపోయి ఉంటుంది. కణాల్లో కొవ్వు, గ్లైకోజన్ కూడా దండిగా ఉంటాయి. రక్తంలో తిరుగుతున్న కణం దిగడానికి దారి ఉంది, దిగాక తిండి ఉంది.

మెనింజియోమా కథ కొంచెం వేరు. దానికీ రక్తప్రసరణ బాగానే ఉంటుంది. మెదడుకు ఉండే రక్తపు కాపలా గోడ దాని నాళాలకు ఉండదు కాబట్టి బయటి కణాలు లోపలికి రావడం తేలిక. నెమ్మదిగా పెరిగే కణితి కావడంతో ఏళ్ల తరబడి ఒంట్లో ఉంటుంది, అంటే పాకడానికి దొరికే సమయమూ ఎక్కువే. ఆడవాళ్లలో ఎక్కువగా వస్తుంది, కణాల్లో ప్రొజెస్టరాన్ అనే ఆడ హార్మోన్‌ను పట్టుకునే రిసెప్టార్లు ఉంటాయి. రొమ్ము క్యాన్సర్ ఉన్నవారిలో ఈ జంట ఎందుకు ఎక్కువగా కనిపిస్తుందో వివరించడానికి ఈ సంగతులన్నీ కలిపి చెబుతారు. ఏది ఎంత కారణమో విడదీసి చెప్పే ఆధారాలు మాత్రం లేవు.

ఒక జన్యు వ్యాధిని ఇక్కడ విడిగా గుర్తుంచుకోవాలి. వాన్ హిప్పెల్ లిండౌ (వీహెచ్ఎల్) వ్యాధి ఉన్నవారిలో కిడ్నీ క్యాన్సర్లు, మెదడు లేక వెన్నుపాములో హిమాంజియోబ్లాస్టోమాలు (రక్తనాళాలు ఎక్కువగా ఉండే, క్యాన్సర్ కాని కణితులు) రెండూ వస్తాయి. వీళ్లలో కిడ్నీ క్యాన్సర్ వెళ్లి హిమాంజియోబ్లాస్టోమాలో చేరడం బాగా తెలిసిన జంట. రెండు కణితుల కణాలూ మైక్రోస్కోప్ కింద లేతగా, నురగలాగా, దాదాపు ఒకేలా కనిపిస్తాయి కాబట్టి పొరబాటు పడే అవకాశం మరీ ఎక్కువ.

3. స్కాన్ దశలో అనుమానం రావాల్సిన సందర్భాలు

ఒక మాట సూటిగా చెప్పాలి. ఆపరేషన్‌కు ముందు స్కాన్ చూసి దీన్ని ఖాయంగా చెప్పడం కుదరదు. చాలావరకు ఇది ఆపరేషన్ అయ్యాక ల్యాబ్‌లో బయటపడేదే. అయినా కొన్ని సూచనలు ఉంటాయి.

అన్నింటికంటే నేను ఎక్కువ విలువిచ్చేది పెరిగే వేగం మారడానికి. ఏళ్లుగా కదలకుండా ఉన్న కణితి, క్యాన్సర్ చరిత్ర ఉన్న మనిషిలో, కొద్ది నెలల్లోనే పెరిగిందంటే దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. ఈ మార్పు కనబడాలంటే పాత స్కాన్లు రేడియాలజిస్ట్ ముందు ఉండాలి. రిపోర్టు కాగితం చాలదు, అసలు బొమ్మలున్న డిస్క్ కావాలి. కొత్త సెంటర్‌లో స్కాన్ తీయిస్తున్నారంటే పాతది చేతిలో పెట్టుకుని వెళ్లండి. ముందుదానితో పోల్చి చెప్పమని నోటితో అడగండి. మెనింజియోమా చుట్టూ వాపు కొత్తగా వచ్చినా, కణితిలో ఒక మూల మిగతా భాగంలా కాకుండా వేరుగా మెరుస్తున్నా రేడియాలజిస్ట్ రాస్తారు. పర్‌ఫ్యూజన్, స్పెక్ట్రోస్కోపీ ఎంఆర్ఐలు కొంత ఊతమిస్తాయి, తేల్చవు.

పెట్ స్కాన్ విషయంలో ఒక జాగ్రత్త. ప్రోస్టేట్ క్యాన్సర్‌కు వాడే పీఎస్ఎంఏ పెట్‌లో మెనింజియోమాలు, కొన్ని థైరాయిడ్ కణితులు, కిడ్నీ క్యాన్సర్లు కూడా వాటంతట అవే వెలుగుతాయి. వెలిగింది కదా అని ప్రోస్టేట్ క్యాన్సర్ అక్కడికి పాకిందని అనుకుంటే తప్పులో కాలేసినట్టే. మరోవైపు చక్కెరను పోలిన పదార్థం ఎక్కించి చేసే మామూలు ఎఫ్‌డీజీ పెట్‌లో క్లియర్ సెల్ కిడ్నీ క్యాన్సర్ ఒక్కోసారి అసలు వెలగదు. అలాంటి కణితిలో ఒక భాగం మాత్రం గట్టిగా వెలిగితే దాని గురించి ఆలోచించాలి.

తలనొప్పి రోజురోజుకీ ముదరడం, మొదటిసారి ఫిట్స్ రావడం, ఒక వైపు కాలో చెయ్యో పట్టు తప్పడం, చూపు మందగించడం కనిపిస్తే తర్వాతి స్కాన్ తేదీ కోసం ఆగకండి. అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి.

4. ముక్క తీసేముందే చేయాల్సిన పని

ఆపరేషన్ థియేటర్ నుంచి ల్యాబ్‌కు వెళ్లే డబ్బాతో పాటు ఒక ఫారం వెళ్తుంది. అందులో పేషెంటు చరిత్ర రాసే చోట తరచుగా ఒక్క ముక్కే ఉంటుంది: మెనింజియోమా, లేదంటే కిడ్నీ గడ్డ. పదేళ్ల కిందటి రొమ్ము క్యాన్సర్ సంగతి పాథాలజిస్ట్‌కు ఎవరూ చెప్పకపోతే, మెనింజియోమా అని కనబడిన వెంటనే అలా రిపోర్టు రాసే అవకాశం ఉంది. ఇందులో ఆయన తప్పు వెతకడం సరికాదు, ఆయన చేతికి సమాచారమే రాలేదు.

కాబట్టి సర్జన్‌ను కలిసినప్పుడు ఈ మాట చెప్పండి: "ఈమెకు ఫలానా ఏడాది ఫలానా క్యాన్సర్ వచ్చింది, ఇవిగో పాత బయాప్సీ రిపోర్టు, దాని నంబరు. ఇది పాథాలజీ ఫారంలో రాయండి." ఈ మొత్తం వ్యాసంలో ఒక్క పనే చేయగలిగితే ఇదే చేయండి.

సూది బయాప్సీతో సరిపెట్టే సందర్భాల్లో ఇంకో చిక్కు. సూది కణితిలో ఒక చోటి నుంచే సన్నని తీగలాంటి ముక్క తెస్తుంది. ఆ తీగ గ్రహీత కణితి నుంచి వస్తే దాత కనబడదు, దాత నుంచి వస్తే గ్రహీత ఉన్నట్టే తెలియదు. ఆపరేషన్ మధ్యలో ముక్కను గడ్డకట్టించి అప్పటికప్పుడు చూసే ఫ్రోజన్ సెక్షన్‌దీ అదే పరిమితి, చూసేది చిన్న ముక్కే. "థియేటర్‌లో మెనింజియోమా అన్నారు కదా" అని ఊపిరి పీల్చుకోకుండా తుది రిపోర్టు వచ్చేదాకా ఆగాలి.

తీసిన కణితిని ల్యాబ్‌లో కోసి చూసినప్పుడు, ఎక్కడైనా రంగు మారి, మెత్తగానో గట్టిగానో వేరుగా కనబడితే ఆ భాగం నుంచి అదనంగా ముక్కలు తీస్తారు. ఆ ముక్కలు 10 శాతం న్యూట్రల్ బఫర్డ్ ఫార్మలిన్‌లో ఉండాలి. రొమ్ము క్యాన్సర్ హార్మోన్ రిసెప్టార్, హెర్2 (మందుల ఎంపికకు చూసే ఒక ప్రొటీన్) పరీక్షలు నమ్మదగ్గవిగా రావాలంటే ఫార్మలిన్‌లో 6 నుంచి 72 గంటలు ఉండాలని మార్గదర్శకాలు చెబుతాయి. ఇది మీరు చేసే పని కాదు. కానీ ముక్కను ఒక ఊరి నుంచి ఇంకో ఊరి ల్యాబ్‌కు పంపుతున్నప్పుడు ఆలస్యం ఎందుకు మంచిది కాదో తెలిసి ఉంటే వెంటపడగలుగుతారు.

5. పాథాలజిస్ట్ ఏం చూస్తారో తెలుసుకుంటే రిపోర్టు చదవగలరు

గులాబీ, నీలి రంగులద్దిన ఒక స్లైడ్‌ను ఊహించుకోండి. మెనింజియోమా కణాలు కోలగా, సుడులు తిరిగినట్టు ఒకదాని చుట్టూ ఒకటి చుట్టుకుని ఉంటాయి. మధ్య మధ్య శామోమా బాడీలు అనే పొరలు పొరలుగా ఉన్న కాల్షియం గుండ్లు. కేంద్రకాలన్నీ దాదాపు ఒకే సైజు. స్లైడ్‌ను కొంచెం పక్కకు జరిపితే దృశ్యం ఒక్కసారిగా మారిపోతుంది. పెద్ద పెద్ద కేంద్రకాలు, వాటిలో కొట్టొచ్చినట్టు కనిపించే న్యూక్లియోలస్‌లు, విడిపోతున్న కణాలు, గ్రంథుల్లా గుండ్రంగా కట్టిన గుంపులు, నడుమ చచ్చిపోయిన కణజాలం. ఆ గుంపుకు నాలుగు వైపులా మళ్లీ సుడులు తిరిగిన మెనింజియోమా కణాలే. ఈ ఒక్క చూపుతోనే అనుమానం మొదలవుతుంది.

అనుమానాన్ని రుజువు చేసేది ఇమ్యునోహిస్టోకెమిస్ట్రీ, రిపోర్టుల్లో ఐహెచ్‌సీ అని రాస్తారు. ఏ కణం ఏ ప్రొటీన్ తయారుచేస్తోందో రంగు ద్వారా చూపించే పరీక్ష. టీటీఎఫ్-1, నాప్సిన్ ఏ పాజిటివ్ అయితే ఊపిరితిత్తుల అడినోకార్సినోమా వైపు చూపు వెళ్తుంది. గాటా3, ఈస్ట్రోజన్ రిసెప్టార్ పాజిటివ్ అయితే రొమ్ము వైపు. పీఎస్ఏ, ఎన్‌కేఎక్స్3.1 అయితే ప్రోస్టేట్. థైరోగ్లోబులిన్ అయితే థైరాయిడ్. పాక్స్8 కిడ్నీ, థైరాయిడ్, అండాశయ క్యాన్సర్లలో కనిపిస్తుంది. మెనింజియోమాకు ఇప్పుడు ఎస్ఎస్‌టీఆర్2ఏ బాగా పనికొస్తోంది.

ఇక్కడే తొందరపడకూడదు. ఏ ఒక్క మార్కరూ ఒక్క అవయవానికే చెందదు. టీటీఎఫ్-1 ఊపిరితిత్తుల్లోనూ, థైరాయిడ్‌లోనూ వస్తుంది. గాటా3 రొమ్ముతో పాటు మూత్రాశయ క్యాన్సర్లోనూ వస్తుంది. ఈఎంఏ అనే మార్కర్ మెనింజియోమాలోనూ వస్తుంది, చాలా కార్సినోమాల్లోనూ వస్తుంది కాబట్టి ఈ రెండింటినీ విడదీయడానికి అది పెద్దగా అక్కరకు రాదు. ప్రొజెస్టరాన్ రిసెప్టార్ మరీ మోసం చేస్తుంది: మెనింజియోమాలోనూ పాజిటివే, రొమ్ము క్యాన్సర్లోనూ పాజిటివే. అందుకే మార్కర్లను జట్టుగా వాడతారు. అంతకంటే ముఖ్యం, ఒకే స్లైడ్ మీద రెండు రకాల కణాలు వేర్వేరు మార్కర్లకు రంగెక్కడం. గ్రహీత భాగం ఒక మార్కర్‌కు పాజిటివ్, దీవి నెగటివ్, ఇంకో మార్కర్‌కు సరిగ్గా తిరగబడితే కథ స్పష్టం.

వీహెచ్ఎల్ వ్యాధి ఉన్నవారిలో కిడ్నీ క్యాన్సర్, హిమాంజియోబ్లాస్టోమా విషయంలో పాక్స్8, ఇన్‌హిబిన్ జోడీ సాయం చేస్తుంది. మొదటిది కిడ్నీ కణాల్లో, రెండోది హిమాంజియోబ్లాస్టోమా కణాల్లో కనిపిస్తుంది.

ఇన్ని చేసినా తేలకపోతే జన్యు పరీక్ష ఉంది. దీవిలోని కణాల్లోనూ, పాత ఊపిరితిత్తుల క్యాన్సర్లోనూ ఈజీఎఫ్ఆర్ అనే జన్యువులో అదే మార్పు కనిపించి, చుట్టూ ఉన్న మెనింజియోమాలో అది లేకుండా ఎన్ఎఫ్2 అనే వేరే జన్యువులో మార్పు ఉంటే ఇక వాదన లేదు. దీనికోసం రెండు భాగాలనూ విడివిడిగా గీకి తీయాలి. కలిపి పంపితే ఫలితం కలగాపులగమవుతుంది.

6. రిపోర్టు పట్టుకుని ఈ ప్రశ్నలు అడగండి

- గ్రహీత కణితి ఏది, దాని గ్రేడ్ ఎంత? దాత ఏ అవయవం నుంచి వచ్చింది?
- దాత కణాలను పాత బయాప్సీ స్లైడ్లతో పక్కపక్కన పెట్టి పోల్చారా, లేక పాత రిపోర్టు చదివి నిర్ణయించారా?
- కొలిజన్ ట్యూమర్ కాదని, గ్రహీత ముదరడం వల్ల వచ్చిన మార్పు కాదని ఏ ఆధారంతో అంటున్నారు?
- కణితి మొత్తం వచ్చిందా? అంచుల దగ్గర ఉన్నవి దాత కణాలా, గ్రహీత కణాలా?
- దాత భాగం ఎక్కువగా ఉన్న పారఫిన్ బ్లాక్ (కణితి ముక్కను మైనంలో అమర్చి దాచిన దిమ్మ) ఏది? దాని నంబరు?

చివరి ప్రశ్న చిన్నదిగా కనిపిస్తుంది గానీ తర్వాత జరిగే ప్రతి పరీక్షా ఆ బ్లాక్ మీదే ఆధారపడుతుంది. ఆ నంబరు మీ ఫైల్‌లో రాసిపెట్టుకోండి. పాత క్యాన్సర్ బ్లాకులు ఏ ల్యాబ్‌లో ఉన్నాయో కూడా కనుక్కోండి. ల్యాబ్‌లు వాటిని నిర్ణీత కాలమే దాస్తాయి, ఆ తర్వాత పారేసే అవకాశం ఉంది.

7. రెండో అభిప్రాయం

ఈ జబ్బులో సెకండ్ ఒపీనియన్ తీసుకోవడం అనవసర ఖర్చు కాదు. చాలామంది పాథాలజిస్టులు తమ వృత్తి జీవితంలో దీన్ని అతి తక్కువగా చూస్తారు. గ్రహీత మెదడు కణితి అయితే న్యూరోపాథాలజిస్ట్, కిడ్నీ అయితే యూరోపాథాలజీలో అనుభవం ఉన్నవారు చూస్తే మంచిది. పంపేటప్పుడు కాగితాలు మాత్రమే కాదు, రంగులద్దిన స్లైడ్లు, ఐహెచ్‌సీ స్లైడ్లు, బ్లాకులు, స్కాన్ డిస్కులు, పాత ఆపరేషన్ నోట్సు కలిపి పంపండి. బ్లాకులన్నీ ఒకేసారి ఇచ్చేయకండి. కనీసం ఒకటి మొదటి ల్యాబ్‌లో ఉంచమనండి, దారిలో పోతే మళ్లీ తెచ్చుకోలేం.

8. మిగతా ఒళ్లంతా చూడటం

గ్రహీత కణితిలో క్యాన్సర్ దొరికిందంటే అది రక్తం దారిన ప్రయాణించిందన్నమాట. ఇంకెక్కడైనా దిగిందేమో చూడాలి. పెట్ సీటీ లేదా ఛాతీ, పొట్ట, కటి సీటీ, మెదడు ఎంఆర్ఐ, అవసరాన్నిబట్టి బోన్ స్కాన్ చేస్తారు. ప్రోస్టేట్ అయితే రక్తంలో పీఎస్ఏ, రొమ్ము అయితే రెండు రొమ్ముల మామోగ్రామ్. కొందరిలో దాత క్యాన్సర్ మొట్టమొదటగా బయటపడేది ఇక్కడే, అప్పటిదాకా ఊపిరితిత్తుల్లో గడ్డ ఉన్నట్టే ఎవరికీ తెలియదు. అప్పుడు ఐహెచ్‌సీ చూపించిన దిక్కుగా అసలు కణితిని వెతకాలి.

స్టేజ్ గురించి ఒక గందరగోళం ఇక్కడ వస్తుంది. మెనింజియోమా క్యాన్సర్ కాదు కదా, పూర్తిగా తీసేశారు కదా, ఇంకేం అని కొందరు అనుకుంటారు. గ్రహీత మంచిదైనా సరే, దాని లోపలికి దూరం నుంచి పాకిన క్యాన్సర్ దూర వ్యాప్తి కిందికే వస్తుంది. అంటే దాత క్యాన్సర్ లెక్కలో నాలుగో స్టేజ్. వినడానికి కష్టమైన మాటే. కానీ అలా లెక్కగట్టకపోతే చికిత్స సగంలోనే ఆగిపోతుంది.

9. చికిత్స నిర్ణయం

రెండు జబ్బులకు రెండు ప్రణాళికలు కావాలి, ఒకటి రెండోదానికి అడ్డు రాకూడదు. దీన్ని ఒక్క డాక్టర్ తేల్చడం కష్టం. మెడికల్ ఆంకాలజిస్ట్, రేడియేషన్ ఆంకాలజిస్ట్, సర్జన్, పాథాలజిస్ట్, రేడియాలజిస్ట్ కలిసి కూర్చునే ట్యూమర్ బోర్డులో పెట్టమని అడగండి.

మొదటి పని, దీవి నుంచి కొత్తగా మార్కర్లు చూడటం. పాత రొమ్ము క్యాన్సర్ హెర్2 నెగటివ్ అయినంత మాత్రాన పాకినది కూడా నెగటివ్ కావాలని లేదు. ఈస్ట్రోజన్, ప్రొజెస్టరాన్, హెర్2 మూడూ మళ్లీ చూడాలి. ఊపిరితిత్తుల క్యాన్సర్ అయితే ఈజీఎఫ్ఆర్, ఏఎల్‌కే, ఆర్ఓఎస్1, పీడీ-ఎల్1 లాంటివి. ఇక్కడ ఒక ప్రమాదం పొంచి ఉంది: రొమ్ము హార్మోన్ రిసెప్టార్ పరీక్ష మెనింజియోమా భాగంలో చదివితే ప్రొజెస్టరాన్ రిసెప్టార్ తప్పుడు పాజిటివ్‌గా నమోదవుతుంది. ఏ కణాల మీద చదివారో రిపోర్టులో రాయించుకోండి.

తలలో కణితి తీశాక, పాకిన క్యాన్సర్ ఉందని తెలిస్తే ఆ చోటికి రేడియేషన్ గురించి బోర్డు ఆలోచిస్తుంది. మెనింజియోమా ఒక్కటే అయి ఉంటే పూర్తిగా తీసిన గ్రేడ్ 1 కణితికి చాలాసార్లు ఏమీ అవసరం ఉండేది కాదు. ఒక చిన్న దీవి నిర్ణయాన్ని ఎంత మార్చేస్తుందో చూడండి. తర్వాత ఒంటి మొత్తానికి పనిచేసే మందు, అది దాత క్యాన్సర్‌ను బట్టి: హార్మోన్ మాత్రలు, టార్గెటెడ్ మందులు, ఇమ్యునోథెరపీ, కీమో.

గ్రహీత కూడా క్యాన్సరే అయితే లెక్క పెరుగుతుంది. కిడ్నీ క్యాన్సర్లో ఊపిరితిత్తుల క్యాన్సర్ దొరికి, ఆ కిడ్నీ తీసేశారనుకోండి. మిగిలిన ఒక్క కిడ్నీ పనితీరును బట్టి సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు ఇవ్వొచ్చో లేదో, స్కాన్‌కు కాంట్రాస్ట్ ఇవ్వొచ్చో లేదో తేలుతుంది. ఇక్కడ ఒక సానుకూలాంశం ఉంది. పెంబ్రోలిజుమాబ్, నివోలుమాబ్ లాంటి ఇమ్యునోథెరపీ మందులు ఊపిరితిత్తుల క్యాన్సర్‌కూ, కిడ్నీ క్యాన్సర్‌కూ రెండింటికీ వాడుకలో ఉన్నాయి కాబట్టి ఒకే మందు రెండు వైపులా పనికొచ్చే వీలుందేమో అడగండి. వీహెచ్ఎల్ వ్యాధికి సంబంధించిన కిడ్నీ క్యాన్సర్, హిమాంజియోబ్లాస్టోమాలకు బెల్‌జుటిఫాన్ అనే మాత్రకు అమెరికాలో 2021లో అనుమతి వచ్చింది.

"ఇంకా ఎంతకాలం?" అన్న ప్రశ్న ఎవరి నోటైనా వస్తుంది. ఇంటర్నెట్‌లో దొరికే ఒక్కొక్క కేసు కథనాలను చూసి అంచనా కట్టకండి. వాటిలో చాలావరకు పాతకాలంవి, చాలామందిలో ఈ సంగతి పోస్ట్‌మార్టంలోనే బయటపడింది. ఇవాళ ఒక మనిషి ఎలా ఉంటారన్నది దాత క్యాన్సర్ రకం, దాని మార్కర్లు, ఇంకెక్కడెక్కడికి పాకింది, మనిషి ఒంట్లో సత్తువ ఎంత అన్నవాటి మీద ఉంటుంది. మీ ఆంకాలజిస్ట్‌ను ఆ లెక్కలోనే చెప్పమనండి.

10. కుటుంబంలో జన్యు పరీక్ష ఎవరికి

ఒకే మనిషికి రెండు వేర్వేరు కణితులు రావడానికి వయసు, పొగతాగడం లాంటివి చాలు. పొగ ఊపిరితిత్తులకే కాదు, కిడ్నీకీ, మూత్రాశయానికీ చేటు. కానీ వయసు తక్కువైనా, రక్తసంబంధీకుల్లో ఇలాంటివి ఉన్నా, కణితుల జంట ఒక తెలిసిన వ్యాధిని గుర్తుచేసినా జెనెటిక్ కౌన్సెలర్ దగ్గరికి వెళ్లాలి. రొమ్ము, థైరాయిడ్, గర్భాశయం, కిడ్నీ కలిసి కనిపిస్తే పీటీఈఎన్ జన్యువుతో వచ్చే కౌడెన్ వ్యాధి. కిడ్నీ, హిమాంజియోబ్లాస్టోమా అయితే వీహెచ్ఎల్. చిన్న వయసులోనే ఒకటికి మించి మెనింజియోమాలు ఉంటే ఎన్ఎఫ్2 జన్యువుతో వచ్చే వ్యాధి.

11. ఆ తర్వాత ఫాలోఅప్

రెండు కణితులకు రెండు రకాల నిఘా కావాలి, అవి ఒకే తేదీల్లో పడకపోవచ్చు. ఏ స్కాన్ దేనికోసం, ఎన్ని నెలలకు, ఎవరు చూస్తారు అన్నది ఒక కాగితం మీద రాయించుకుని సంతకం తీసుకోండి. లేకపోతే న్యూరోసర్జన్ ఆంకాలజిస్ట్ చూస్తారనుకుంటారు, ఆంకాలజిస్ట్ న్యూరోసర్జన్ చూస్తారనుకుంటారు. ఒంట్లో ఇంకా తీయకుండా ఉంచిన కణితులు ఏవైనా ఉంటే, థైరాయిడ్ గడ్డ అనండి, అడ్రినల్ కణితి అనండి, ఫైబ్రాయిడ్ అనండి, వాటి పేర్లు, ఇప్పటి కొలతలు కూడా అదే కాగితంలో చేర్చించండి. తర్వాతి స్కాన్‌లో వాటి సైజు మారితే పోల్చి చూడటానికి ఆ అంకెలు కావాలి.